నులక మంచమూ లాక్రోస్ స్టిక్కూ

పోయిన నెల మా వీధిలో ఒక గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్న పెద్దాయన ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటూ, "సార్, మీ పాప అమెరికాలో ఏ కంపెనీలో ఉంది?" అని అడిగారు.

"కంపెనీ కాదండీ, కాలేజీ."

"ఓహో, ప్రొఫెసరా?"

"కాదు, కోచ్. లాక్రోస్ అనే ఆటకు."

"లాకర్సా?" అన్నారు. ఆయన బ్యాంకులో పని చేసి రిటైరయ్యారు, తప్పు ఆయనది కాదు. అదొక ఆట అని, కర్ర చివర జాలీ సంచి ఉంటుందని, మా అమ్మాయి ఒక కాలేజీ జట్టుకు అసిస్టెంట్ కోచ్ అని వివరించాను. "అసిస్టెంట్" అనే మాట వినగానే ఆయన ముఖంలో జాలి కనిపించింది. "పోనీలెండి సార్, ముందు ముందు ప్రమోషన్ వస్తుంది" అని, వడ్డించే పిల్లవాడిని కేకేసి నాకు ఇంకో ఓళిగ వేయించారు.

ఓళిగ దిగింది కానీ ఆ "పోనీలెండి" మాత్రం గొంతు దిగలేదు. ఆయన మీద కోపం కాదు. 2024 దాకా నేను కూడా లోలోపల అదే అనుకున్నవాడిని.

నేను అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పని చేసి రిటైరయ్యాను. పిల్లలకు పీడీ సార్‌ని. మన కాలేజీల్లో పీడీ అంటే ఎవరో తెలిసిందే: ఆగస్టు 15 ముందు రోజు జెండా కర్రకు తాడు సరిగ్గా జారుతోందో లేదో చూసేవాడు, విద్యార్థుల మధ్య గొడవైతే ప్రిన్సిపాల్ గది ముందు కాపలా నిలబడేవాడు, మిగిలిన సమయంలో ఆటలు ఆడించేవాడు. నా ఆట హాకీ. యూనివర్సిటీ జట్టు సౌత్ జోన్ పోటీలకు వెళ్లేటప్పుడు వెంట ఒక కోచ్, ఒక మేనేజర్ వెళ్తారు. కాగితం మీద నేను ఎక్కువసార్లు మేనేజర్‌ని. అంటే రాత్రి రెండు గంటలకు గుంతకల్లు జంక్షన్‌లో పిల్లలను, వాళ్ల స్టిక్కుల మూటలను, గోల్‌కీపర్ ప్యాడ్లను లెక్కపెట్టి జనరల్ బోగీలోకి ఎక్కించేవాడిని. పొద్దున శిక్షణ ఇచ్చేదీ నేనే. గ్రూపు ఫొటోలో మధ్య కుర్చీలో మాత్రం ఇంకొకరు కూర్చునేవారు. ఒక ఏడాది జట్టు కప్పుతో తిరిగి వస్తే సన్మాన కరపత్రంలో నా పేరు అచ్చు కాలేదు. ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయానని అందరితో చెబుతుంటాను. కరపత్రం మాత్రం బీరువాలో ఉంది.

కాబట్టి నా కూతురు తన ఉద్యోగం పేరులో "అసిస్టెంట్" అని చెప్పినప్పుడు నాకు గుర్తొచ్చినది గుంతకల్లు ప్లాట్‌ఫారం.

ఆమెకు హాకీ నేర్పింది నేనే. మా గ్రౌండు ఎర్రమట్టి, మధ్యమధ్య గులకరాళ్లు. బంతి ఎటు ఎగురుతుందో చెప్పలేము. అలాంటి నేల మీద ఆడేవాళ్లకు ఒక అలవాటు వస్తుంది: నడుము వంచి, ముక్కు నేలకు దగ్గరగా పెట్టి పరుగెత్తడం. నునుపైన పచ్చిక మీద నేర్చుకున్నవాళ్లకు అంత వంగాల్సిన అవసరం ఉండదు. చివరికి ఆ వంగడమే ఆమెకు అన్నం పెట్టింది.

2019లో ఎమ్మెస్‌కు వెళ్లింది. మా ఊళ్లో ఎమ్మెస్ అంటే కంప్యూటర్ సైన్సే. ఆమె చేసింది వ్యాయామ శాస్త్రంలో. ఆ మాట బంధువులకు చెప్పడానికి మా ఆవిడకు ఆరు నెలలు పట్టింది. అక్కడ కాలేజీ మైదానంలో ఆడపిల్లలు హాకీ ఆడుతుంటే చూసి, ఆగలేక వెళ్లి "నేనూ ఆడతాను" అందట. అమెరికాలో హాకీ దాదాపు ఆడపిల్లల ఆట. మగపిల్లలు హాకీ అంటే మంచు మీద ఆడేదే అనుకుంటారు. మన ధ్యాన్‌చంద్ బృందం 1932 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో వాళ్లను 24-1తో ఓడించింది. ఆ మ్యాచ్‌లో తమ్ముడు రూప్‌సింగ్ ఒక్కడే పది గోల్స్ కొట్టాడు. ఆ దెబ్బకే మగవాళ్లు మానేశారని నేను సరదాగా అంటుంటాను. అంతకు మించి నా దగ్గర ఆధారం లేదు.

అలా హాకీ జట్టుకు సహాయం చేస్తూ, ఫీజులో కొంత తగ్గించుకుంటూ చదువుకుంది. 2020 మార్చి 12న అక్కడి కాలేజీ క్రీడల సంఘం, అంటే ఎన్‌సీఏఏ, కరోనా వల్ల ఆ సీజన్ జాతీయ పోటీలన్నింటినీ రద్దు చేసింది. హాస్టల్ ఖాళీ అయింది. ఆ రోజుల గురించి ఇంట్లో ఇప్పటికీ ఎక్కువ మాట్లాడుకోము. చదువు పూర్తయ్యాక పెన్సిల్వేనియాలో ఒక చిన్న కాలేజీలో ఉద్యోగం వచ్చింది. అందులో ఒక మెలిక ఉంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా హాకీ, ఫిబ్రవరి నుంచి మే దాకా లాక్రోస్. ఒకే జీతానికి రెండు ఆటలు. చిన్న కాలేజీలలో ఇది మామూలేనట. "నీకు లాక్రోస్ వచ్చా?" అని ఇంటర్వ్యూలో అడిగితే, "రాదు. నేర్చుకుంటాను. కింద పడిన బంతిని మాత్రం మీ జట్టులో ఎవరికన్నా ముందు నేనే తీస్తాను" అందట. గులకరాళ్ల చలవ.

వీసా సంగతి కూడా చెప్పాలి. లేకపోతే మన పాఠకులు నన్ను వదలరు. యూనివర్సిటీలు, కాలేజీలు వేసే హెచ్1బీ దరఖాస్తులకు లాటరీ లేదు. సాఫ్ట్‌వేర్ పిల్లలు మార్చి నెలంతా దేవుళ్లకు మొక్కుకుంటుంటే మా అమ్మాయి మైదానం మీద మంచు ఎత్తిపోసుకుంటోంది. జీతం మాత్రం అడగకండి. అదే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరిన మన పిల్లవాడి జీతం విని ఆమె నవ్వింది, నేను నవ్వలేదు.

2024 ఫిబ్రవరిలో నేను, మా ఆవిడ వెళ్లాము. సామానులో ఉగ్గాని కోసం బొరుగులు, పప్పుల పొడి, ఐదు కిలోల వేరుశనగ చిక్కీ. వేరుశనగ జిల్లా నుంచి వెళ్తూ చిక్కీ లేకుండా ఎలా వెళ్తాము?

జట్టు పక్క ఊరికి మ్యాచ్‌కు వెళ్లే రోజు నన్నూ వ్యానులో ఎక్కించుకున్నారు. నేను సంచి విప్పి వెనక కూర్చున్న అమ్మాయిలకు చిక్కీ పొట్లం చాచానో లేదో, డ్రైవరు సీట్లోంచి మా అమ్మాయి అద్దంలో చూసి వ్యానును పక్కకు ఆపేసింది. దిగి వెనక్కి వచ్చి పొట్లం లాక్కుంది. నా చేతులు తుడిపించింది, నేను పట్టుకున్న సీటు తుడిచింది. పొట్లాన్ని మూడు సంచులలో చుట్టి సామాన్ల అరలో పెట్టింది. జట్టులో ఒక అమ్మాయికి వేరుశనగ పడదు. తింటే గొంతు వాచి ఊపిరి ఆగిపోయే ప్రమాదం. ఆ పిల్లకు వేయాల్సిన సూది మందు ఒకటి ఆ పిల్ల సంచిలో, ఇంకొకటి మా అమ్మాయి నడుము సంచిలో ఎప్పుడూ ఉంటాయి. నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లు జట్లను తిప్పినవాడిని, నా పిల్లలలో ఎవరికి ఏమి పడదో ఒక్కసారైనా అడిగానా అని ఆలోచించాను. అడగలేదు. ఇడ్లీ పొట్లాలు ఎన్ని కావాలో మాత్రమే అడిగాను.

ఇంతకీ ఆట గురించి. హాకీవాడి కళ్లతో చెబుతాను, కిట్టనివాళ్లు క్షమించాలి.

ఆడవాళ్ల కాలేజీ లాక్రోస్‌లో జట్టుకు పన్నెండు మంది. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి గట్టి రబ్బరుది, 142 నుంచి 149 గ్రాములు. హాకీ బంతి 156 నుంచి 163. తేడా కొంచెమే, తగిలితే నొప్పిలో తేడా లేదు. గోలు ఆరడుగుల చదరం, అంటే వెడల్పులో హాకీ గోలుకు సరిగ్గా సగం. నన్ను అన్నిటికన్నా తికమక పెట్టింది ఆ గోలు వెనక కూడా ఆట నడవడం. మన ఆటల్లో గోలు మైదానానికి గోడ లాంటిది. ఇక్కడ అది నట్టింట్లో పెట్టిన తులసికోట, చుట్టూ ప్రదక్షిణ చేయవచ్చు. మొదటి రెండు మ్యాచ్‌లలో బంతి గోలు వెనక్కి వెళ్లినప్పుడల్లా "అవుట్" అని అరిచింది నేనొక్కడినే.

బంతిని సంచిలో పెట్టుకుని పరుగెత్తేటప్పుడు కర్రను ఊపుతూ ఉంటారు, బంతి జారిపోకుండా. దాన్ని క్రేడిల్ అంటారు. ఉయ్యాల ఊపడమే. ఆట మొదలయ్యేది డ్రాతో. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి కర్రలను అడ్డంగా ఒకదానికొకటి ఆనిస్తారు, మధ్యలో బంతి. విజిల్ వేయగానే పైకి లాగితే బంతి వాళ్ల తలలకన్నా పైకి లేవాలి. గోల్ పడిన ప్రతిసారీ మళ్లీ ఇదే. అంటే గోల్ కొట్టిన జట్టుకే మళ్లీ బంతి దొరకవచ్చు. ఈ డ్రా మీద పట్టున్న జట్టు ఎదుటివాళ్లకు బంతి కనపడనివ్వకుండా పది నిమిషాలు ఆడగలదు. మగవాళ్ల ఆటలో హెల్మెట్లు, ఢీకొట్టుకోవడాలు. ఆడవాళ్ల ఆటలో గోల్‌కీపర్ తప్ప మిగిలినవాళ్లకు కళ్లద్దాలు, పళ్ల తొడుగు చాలు. ఒంటితో ఢీకొడితే తప్పు. దీన్ని నాజూకు ఆట అనుకునేరు. కింద పడిన బంతి కోసం ఇద్దరు పరుగెత్తి వచ్చే దృశ్యం చూసి మా ఆవిడ కళ్లు మూసుకుంది.

ఈ ఆట అసలు తెల్లవాళ్లది కూడా కాదు, ఉత్తర అమెరికా మూలవాసులది. హౌడెనోసౌనీ ప్రజలు దీన్ని సృష్టికర్త ఇచ్చిన ఆటగా భావిస్తారు. లాక్రోస్ అనేది ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు. ఆ ప్రజలకు సొంత జట్టు, సొంత పాస్‌పోర్టు ఉన్నాయి. 2010లో ఆ పాస్‌పోర్టులతో వస్తే రానిచ్చేది లేదని బ్రిటన్ అంటే, ఆట పుట్టిన ఇంటి జట్టే మాంచెస్టర్‌లో ప్రపంచ పోటీకి దూరమైంది. ఆడవాళ్ల ఆట స్కాట్లండ్‌లోని సెయింట్ లియొనార్డ్స్ అనే బాలికల పాఠశాలలో 1890లో మొదలై అక్కడి నుంచి మళ్లీ సముద్రం దాటింది. ఇవన్నీ మా అమ్మాయి చెప్పింది కాదు, రాత్రుళ్లు నిద్ర పట్టక నేను చదివినవి.

ఒలింపిక్స్‌లో 1904లో, 1908లో పతకాలకు ఆడారు. ఆ తర్వాత 1932లో లాస్ ఏంజెలెస్‌లో ప్రదర్శనగా ఆడారు. అంటే ధ్యాన్‌చంద్ ఉన్న ఊళ్లోనే, అదే ఒలింపిక్స్‌లో! మళ్లీ 2028లో లాస్ ఏంజెలెస్‌లోనే, ఈసారి జట్టుకు ఆరుగురు ఆడే పొట్టి రూపంలో. ఆ నిర్ణయం 2023 అక్టోబరులో ముంబైలో జరిగిన ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే తీసుకున్నారు. క్రికెట్ వచ్చిందని మనవాళ్లంతా గంతులేశారు. పక్కనే ఉన్న లాక్రోస్ పేరు కోసం ఆ వార్తను భూతద్దంతో చదివిన తెలుగువాడిని బహుశా నేనొక్కడినే.

సరే, అసిస్టెంట్ కోచ్ ఏమి చేస్తుంది? మొదటి వారం నేను అనుకున్నది: హెడ్ కోచ్ విజిల్ వేస్తే ఈమె కోన్లు పెడుతుంది. నిజమే, కోన్లు పెడుతుంది. మంచు పడిన పొద్దున ఐదున్నరకు లేచి మైదానం మీద పార పట్టుకుంటుంది. కానీ అది చిన్న ముక్క. మ్యాచ్‌లో పొడవాటి స్తంభం మీద కెమెరా పెడతారు. రాత్రి ఆ వీడియో ముందు కూర్చుని ప్రతి డ్రా దగ్గర, బంతి పోగొట్టుకున్న ప్రతి చోట ఒక గుర్తు పెడుతుంది. ఒక్కొక్క అమ్మాయికి ఆమె వరకు ముక్కలు కత్తిరించి పంపుతుంది. తర్వాత రాబోయే జట్టు వీడియోలు చూసి, వాళ్లలో ఎడమచేతి వాటం ఎవరు, గోలు వెనక నుంచి ఎటు తిరుగుతారు, గోల్‌కీపర్ ముందుగా కర్ర దించుతుందా లేదా అని రెండు పేజీలు రాస్తుంది. అర్ధరాత్రి లేచి మంచినీళ్లకు వెళ్తే వంటింటి బల్ల దగ్గర దీపం వెలుగుతూనే ఉండేది. నేను నా ఉద్యోగకాలమంతటిలో ఎదుటి జట్టు గురించి సేకరించిన సమాచారం, ఆ ఊరి టీకొట్టువాడు చెప్పినంత.

మైదానంలో ఆమె వాటా డిఫెన్సు, కింద పడిన బంతులు. ఒక విచిత్రం గమనించాను. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ ఆమె అరవదు. నేను గొంతు చించుకునేవాడిని, ఆ సంగతి మా పిల్లలందరికీ తెలుసు. ఆమె బెంచీ చివర, ఆ రోజు ఆడే అవకాశం రాని పిల్లల పక్కన నిలబడి, చిన్న తెల్ల పలక మీద ఏదో గీసి వాళ్లకు చూపిస్తుంటుంది. ఒకసారి పదకొండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. అందరూ బస్సు వైపు వెళ్తుంటే ఈమె కంచె అవతల బంతులు ఏరుతోంది. ఏరి లెక్కపెడుతోంది. వెళ్లి నేనూ ఏరాను. రెండు తక్కువ వచ్చాయి. చీకటి పడేదాకా వెతికాము, ఒకటి దొరికింది.

ఇక నులక మంచం సంగతి. కర్ర తలకాయ ప్లాస్టిక్‌ది. దానికి సంచి అల్లాలి. ఇప్పుడు చాలామంది దుకాణంలో అల్లిన జాలీ వాడుతున్నారు కానీ, పాతకాలపు పద్ధతిలో తోలు పట్టీల మధ్య దారం అల్లిన సంచినే ఇష్టపడే పిల్లలు కొందరు ఉన్నారు. తెగితే బాగుచేసేది అసిస్టెంట్ కోచే. ఒక ఆదివారం ఆమె ఆ పనిలో తలమునకలై ఉంటే నేను పక్కన కూర్చుని చూశాను. నిలువు పట్టీలు నాలుగు, అడ్డంగా దారం, అంచులకు ముడి. మా తాత మంచాలు అల్లేటప్పుడు నులక అందించిన చేతులివి. "ఇటివ్వమ్మా" అని తీసుకున్నాను. గంటలో ఒకటి పూర్తయింది. మధ్యాహ్నానికి మూడు. మా ఆవిడ, "అమెరికా వచ్చి కూడా మంచాలు అల్లుతున్నారా?" అంది. అంత హాయిగా నేను రిటైరయ్యాక ఎప్పుడూ కూర్చోలేదు.

మ్యాచ్‌కు ముందు రెఫరీలు కర్రలు తనిఖీ చేస్తారు. కర్రను అడ్డంగా పట్టుకుని సంచిలో బంతి వేస్తే, బంతి పైభాగం ప్రక్క అంచుకన్నా పైకి కనబడాలి. నేను అల్లిన సంచిలో బంతి పూర్తిగా మునిగిపోయింది. మంచానికి కొంచెం వదులుంటేనే కదా నడుముకు సుఖం! రెఫరీ తల అడ్డంగా ఊపి కర్రను పక్కన పెట్టేసింది. పాపం ఆ పిల్ల వేరే కర్రతో ఆడింది. సాయంత్రం మా అమ్మాయి ఆ కర్రను నా ముందు పెట్టి, "నాన్నా, ఇది పడుకోవడానికి కాదు" అంది. విప్పి మళ్లీ అల్లాను. ఆ సీజన్‌లో నా చేతి సంచులు ఏడు తనిఖీ దాటాయి. ఆ పిల్లలు నన్ను "పీడీ సార్" అనే పిలిచేవారు. మా అమ్మాయి అలా పరిచయం చేసింది. అది నా పేరనే వాళ్లు చివరిదాకా అనుకున్నారు.

మే మొదటి వారంలో ఆట అయిపోయింది. ఇక సెలవులు, వారం రోజులు ఎక్కడికైనా తిప్పి చూపిస్తుందని ఆశపడ్డాము. చూపించింది. జూన్ ఎండలో ఒకే చోట పదికి పైగా మైదానాలు, పొద్దున నుంచి సాయంత్రం దాకా హైస్కూలు ఆడపిల్లల మ్యాచ్‌లు. గట్టు మీద వరసగా మడత కుర్చీలలో, తల మీద టోపీ, చేతిలో ఫోను పట్టుకుని కూర్చున్న కాలేజీ కోచ్‌లు. నచ్చిన పిల్ల నంబరు రాసుకోవడం, తర్వాత ఆ పిల్లకు, ఇంట్లోవాళ్లకు కాలేజీ గురించి చెప్పుకోవడం. వీళ్లది డివిజన్ త్రీ కాలేజీ. అక్కడ ఆట పేరుతో స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. పిల్లలు ఫీజు కట్టి చేరాలి. అందువల్ల జట్టులోకి వచ్చే ప్రతి అమ్మాయి కాలేజీకి ఒక అడ్మిషన్. ఏటా ఇంతమందిని తీసుకురావాలని పైనుంచి ఒక సంఖ్య చెబుతారు.

నాకు అక్కడ గట్టు మీదే నవ్వొచ్చింది. మన దగ్గర మే నెలలో ప్రైవేటు కాలేజీల లెక్చరర్లు కరపత్రాలు పట్టుకుని ఊరూరా తిరగరా? ధర్మవరం నుంచి కళ్యాణదుర్గం దాకా, పదో తరగతి పాసైన పిల్లవాడు ఏ ఇంట్లో ఉన్నాడో విచారించుకుంటూ? "ఫిజిక్సు చెప్పడానికి చేరాను సార్, ఇప్పుడు అడ్మిషన్లు అమ్ముకుంటున్నాను" అని నా స్నేహితుడొకరు ఏడ్చినంత పని చేసేవారు. మా అమ్మాయి వేల మైళ్లు వెళ్లి అదే పని చేస్తోందని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "అవును నాన్నా. కానీ ఇక్కడ కూర్చున్నవాళ్లకు ఆట చూడడం వచ్చి ఉండాలి" అంది. అప్పుడే ఒక పిల్లను చూపించింది. ఆ పిల్ల జట్టు తొమ్మిది గోల్స్ వెనకబడి ఉంది, ఎవరూ చూడటం లేదు. బంతి పోగొట్టుకుని, తిరిగి అరవై గజాలు వెనక్కి పరుగెత్తింది. ఆ నంబరు రాసుకుంది. నేనైనా ఆ పిల్లనే రాసుకునేవాడిని, ఆ మాట మాత్రం పైకి అనలేదు.

ఈ అడ్మిషన్ల లెక్కను నేను వెటకారం చేస్తున్నానని అనుకోవద్దు. అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అనే చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థ ఆడపిల్లల పట్ల భేదం చూపకూడదు, ఆటలతో సహా. అందుకే ఎక్కడో కొండల మధ్య ఉన్న చిన్న కాలేజీలో కూడా ఆడపిల్లల జట్టుకు జీతం తీసుకునే కోచ్‌లు ఇద్దరు ఉన్నారు. నా కాలేజీలో ఆడపిల్లల హాకీకి విడిగా బంతులు కొనమని అడిగితే, "అబ్బాయిలవి పాతవి ఉన్నాయి కదా" అన్న సమాధానం విన్నాను. పెద్ద వేదికల మీద మన చిత్తూరు జిల్లా రజని భారత హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. అనంతపురంలో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ క్రీడాగ్రామంలో పల్లె ఆడపిల్లలు స్టిక్కులు పట్టుకుని తిరుగుతుంటే చూసి సంతోషిస్తాను. వాళ్లలో ఆట ఆగిపోయినవాళ్లు తర్వాత ఆట నేర్పే ఉద్యోగంలో చేరాలంటే మన దగ్గర కుర్చీలు ఎన్ని? కాలేజీకి ఒక పీడీ. ఆ పోస్టు కూడా ఖాళీగా ఉన్న కాలేజీలు నాకు తెలుసు. అసిస్టెంట్ అనే కుర్చీయే లేదు.

తిరుగు ప్రయాణానికి వారం ముందు మాకు గొడవ జరిగింది. ఇంకో కాలేజీలో హెడ్ కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. ఈమెను దరఖాస్తు పెట్టమని చెప్పింది ఎవరో కాదు, ఈమె హెడ్ కోచే. ఈమె పెట్టలేదు. చివరి తేదీ దాటాక చల్లగా చెప్పింది. నా ముప్పై ఏళ్ల కరపత్రం ఒక్కసారిగా బయటికి వచ్చింది. జీవితాంతం ఇంకొకరి వెనక నిలబడతావా, ఫొటోలో అంచున ఉంటావా అని ఏవేవో అన్నాను.

ఆమె గిన్నెలు తోముతూ విన్నది. "నాన్నా, హెడ్ కోచ్ దగ్గరకు వచ్చి పిల్లలు అడిగేది ఒకటే, నన్ను ఎందుకు ఆడించలేదు అని. మిగిలినవన్నీ నాకు చెప్పుకుంటారు. ఇంటి దగ్గర అమ్మకు బాగాలేదని, లెక్కల్లో తప్పానని, అన్నం సయించడం లేదని. ఆ కుర్చీలోకి వెళ్తే ఇవి నాకు చెప్పరు" అంది. కాసేపాగి, "పైగా ఉద్యోగం మారితే వీసా కాగితాలు మళ్లీ మొదటి నుంచి పెట్టాలి" అని కూడా అంది. ఈ రెండింటిలో ఏది అసలు కారణమో ఆమెకే తెలియాలి. మా ఆవిడ మాత్రం మొదటిదే అంటుంది. నేను రెండోదని అనుమానిస్తున్నాను. ఇప్పటికీ ఆమె దరఖాస్తు పెట్టి ఉండాల్సిందనే నా అభిప్రాయం. అది మార్చుకోలేదు.

కానీ ఒకటి ఒప్పుకోవాలి. గుంతకల్లు ప్లాట్‌ఫారం మీద రాత్రి రెండింటికి పిల్లలు నాతో మాట్లాడిన మాటలు మధ్య కుర్చీలో కూర్చున్నాయన ఎన్నడూ వినలేదు. ఒకడు నాన్న తాగుడు గురించి చెప్పాడు. ఒకడు చదువు మానేస్తానన్నాడు. రైలు రావడం ఆలస్యమైన రాత్రుళ్లలో అలా ఎన్ని విన్నానో. అవి కరపత్రంలో అచ్చయ్యేవి కావు. ఇన్నేళ్లూ ఆ కాగితం గుర్తుంది, ఆ రాత్రుళ్లు గుర్తు రాలేదు.

వచ్చేటప్పుడు ఒక పాత కర్ర, నాలుగు బంతులు తెచ్చుకున్నాను. సంచి నేను అల్లినదే, తనిఖీ దాటినది. గోడకు బంతి కొట్టి పట్టుకోవడం అక్కడి పిల్లలకు రోజువారీ సాధన, కుడిచేత్తో యాభై, ఎడమచేత్తో యాభై. మా కాంపౌండు గోడ అందుకు బాగా పనికొస్తుంది. అవతలి ఇంటివాళ్లు మాత్రం మధ్యాహ్నం పూట వద్దన్నారు. మన ఎండకు తోలు పట్టీలు బిగుసుకుపోతున్నాయి, ఆముదం రాస్తున్నాను. రెండు బంతులు మురుగు కాలువలో పోయాయి. మొన్న ఉదయం ఐదున్నరకు ఫోను చేసింది. అక్కడ రాత్రి ఎనిమిది, ఎక్కడో పిల్లల మ్యాచ్‌లు చూసి కారులో వెళ్తోంది.

"ఎడమచేత్తో ఎన్ని పడుతున్నావు నాన్నా?"

పడుతున్నది పదకొండు. ఇరవై అని చెప్పాను.

"వీడియో పంపు" అంది.